పలక మీది లెక్క: శ్రీనివాస రామానుజన్ జీవితంలో స్ఫురణ, తర్కం

లెక్కల పరీక్షలో జవాబు ఒప్పుగా వ్రాసి, అది ఎలా వచ్చిందో చూపే మెట్లు వ్రాయని విద్యార్థికి ఎన్ని మార్కులు వేయాలన్నది ఉపాధ్యాయుల గదిలో ఏనాటికీ తెగని తగవు. జవాబు సరియైనదే కదా అని తల్లిదండ్రులు వాదిస్తారు. దారి చూపని జవాబు దైవికంగా తగిలినదో, పక్కవాని కాగితంలో కనిపించినదో ఎవరికి తెలుసునని ఉపాధ్యాయుడు అంటాడు. ఇరువురి వాదనలోనూ న్యాయం ఉన్నది. పైగా ఈ తగవు లెక్కల కాగితంతో ముగిసేది కాదు. పిల్లకు సంబంధం చూసేటప్పుడు, ఇల్లు కొనేటప్పుడు, జబ్బు చేసి వైద్యుని వెదికేటప్పుడు మనసుకు తోచినది ఒకటి, కూర్చుని లెక్కవేస్తే తేలినది మరొకటి కావడం ప్రతి ఇంటా ఉన్నదే.

ఈ తగవును చిన్ననాటి నుండి కడపటి శ్వాస వరకు మోసిన మహనీయుడు శ్రీనివాస రామానుజన్. మన పాఠశాల నెలకొన్న ఈ చెన్నపట్నంలోనే, హార్బరు కార్యాలయంలో నెలకు 30 రూపాయల జీతం మీద గుమాస్తాగా పనిచేసిన వ్యక్తి ఆయన. 75 సంవత్సరాలు నిండిన మన పాఠశాల జూబిలీ సంచికలో ఆయన జీవితాన్ని మరొకసారి తలచుకోవడం ఉచితమని నా నమ్మకం. అయితే రామానుజన్ అనగానే మనకు చెప్పే కథ ఒకటున్నది. నామక్కల్ నామగిరి అమ్మవారు కలలో కనిపించి సూత్రాలు చెప్పేదని, ఆయన లేచి వ్రాసుకొనేవాడని, శ్రమ అన్నది ఎరుగడని ఆ కథ సారాంశం. ఆ భక్తి నిజమైనది, ఆయన స్వయంగా చెప్పుకున్నది. దానిని తేలిక చేయడం నా ఉద్దేశం కాదు. కాని ఆ కథ ఒక్కటే పిల్లలకు చెబితే ఆయన జీవితంలో సగాన్ని దాచినట్లవుతుంది.

రామానుజన్ 1887 డిసెంబరు 22న ఈరోడ్‌లో మాతామహుల ఇంట జన్మించారు. పెరిగినది కుంభకోణంలో, సారంగపాణి సన్నిధి వీధిలో. తండ్రి శ్రీనివాస అయ్యంగారు చీరల దుకాణంలో గుమాస్తా. తల్లి కోమలతమ్మాళ్ ఆలయంలో పాటలు పాడే భక్తురాలు, పట్టుదల గల ఇల్లాలు. 1897లో ప్రాథమిక పరీక్షలో జిల్లాలో ప్రథముడుగా నిలిచి రామానుజన్ టౌన్ హైస్కూలులో చేరారు. ఆ పాఠశాల ఆయనను చక్కగా ఆదరించింది. 1904లో గణితానికి బహుమతి ఇచ్చి పంపింది.

అంతకు కొద్దిగా ముందు ఒక పుస్తకం ఆయన చేతికి వచ్చింది. కార్ అనే ఆంగ్ల ఉపాధ్యాయుడు పరీక్షార్థుల కోసం కూర్చిన గణిత సంగ్రహం అది. సుమారు 5,000 ఫలితాలు వరుసగా ఉంటాయి. నిరూపణలు ఉంటే పొడిపొడిగా, లేకుంటే అసలే లేవు. గొప్ప గ్రంథమేమీ కాదు, నేటి భాషలో చెప్పాలంటే ఒక గైడు. ఇతరులు దానిని కంఠస్థం చేసేవారు. రామానుజన్ ఒక్కొక్క ఫలితాన్ని తానే నిరూపించుకుంటూ, దానిని దాటి కొత్తవాటిలోకి పోయారు. కాని గణితం వ్రాయడమంటే ఫలితాన్ని మాత్రమే వ్రాయడమన్న అభ్యాసం ఆ పుస్తకం నుండే పట్టుబడింది.

దానికి తోడు పేదరికం. కాగితం ఖరీదైన వస్తువు. రామానుజన్ పలక మీద బలపంతో లెక్క చేసి, మోచేతితో చెరిపి, మళ్ళీ చేసి, చివరకు మిగిలిన ఫలితాన్ని మాత్రమే నోటుపుస్తకంలో ఎక్కించేవారు. చెరిపి చెరిపి మోచేయి మొద్దుబారి నల్లబడిందట. ఆ నోటుపుస్తకాలు చూసిన వారికి సూత్రాలు ఆకాశం నుండి ఊడిపడినట్లు కనిపించడంలో వింత లేదు. మెట్లు లేక కాదు, మెట్లు పలక మీద చెరిగిపోయాయి. స్ఫురణ అని మనం అబ్బురపడే దానిలో ఎంత భాగం ఇలా చెరిగిపోయిన శ్రమయో ఎవరు కొలవగలరు?

కళాశాల చదువు ఆయనకు కలిసిరాలేదు. కుంభకోణం ప్రభుత్వ కళాశాలలో గణితం తప్ప తక్కిన విషయాలు పట్టించుకోక, ఇంగ్లీషులో తప్పి ఉపకార వేతనం పోగొట్టుకున్నారు. ఆ అవమానంతో 1905 ఆగస్టులో ఇంట్లో చెప్పకుండా వెళ్ళిపోయి మన విశాఖపట్నం చేరారు. తరువాత మద్రాసులో పచ్చయ్యప్ప కళాశాలలో చేరి ఎఫ్.ఏ. పరీక్ష రెండుమార్లు తప్పారు. శరీరశాస్త్రం ఆయనకు కొరుకుడు పడని విషయం. 1909 జూలైలో జానకితో వివాహం జరిగింది. ఆమెకు అప్పటికి పదేళ్ళు. పట్టా లేదు, ఉద్యోగం లేదు, చంకలో నోటుపుస్తకాలు. ఇటువంటి కుమారుడు మన ఇంట ఉంటే మనం ఏమనేవారమో ఆలోచించుకోవలసిందే.

1910లో తిరుక్కోయిలూరు వెళ్ళి భారత గణిత సంఘ స్థాపకులైన వి. రామస్వామి అయ్యర్‌ను కలిశారు. ఆ పరిచయాల వరుసలోనే ఆ ఏడాది డిసెంబరులో నెల్లూరు వెళ్ళి అక్కడి కలెక్టరు ఆర్. రామచంద్రరావును దర్శించారు. రామచంద్రరావు గణితాభిమాని, గణిత సంఘ కార్యదర్శి. నోటుపుస్తకం తిరగవేస్తే ఆయనకు ఏమీ అర్థం కాలేదు. ఇది ప్రతిభయా, మోసమా, మతిచాంచల్యమా? వెంటనే నమ్మనూ లేదు, తరిమివేయనూ లేదు. మళ్ళీ రమ్మన్నారు. మరొకసారి వచ్చినప్పుడు రామానుజన్ తన ధోరణి మార్చి, పుస్తకాలలో ఉన్న వాటికి దగ్గరగా ఉండే చిన్న ఫలితాలు మొదట చూపి, అక్కడి నుండి మెట్టు మెట్టుగా పెద్దవాటిలోకి తీసుకుపోయారు. కలెక్టరు అనుమానం తీరింది. నెలకు 25 రూపాయలు తన జేబు నుండి ఇచ్చి మద్రాసులో ఉండి పరిశోధన చేసుకోమన్నారు. తనకు తోచినది ఎదుటివానికి చేరాలంటే వంతెన వేయాలని రామానుజన్ గ్రహించిన తొలి సందర్భం బహుశా ఇదే. అది మన నెల్లూరుతో ముడిపడి ఉండడం తెలుగువారికి సంతోషం.

1911లో ఆయన గణిత సంఘ పత్రికలో పాఠకులకు ఒక లెక్క వేశారు. ఒకటికి, మరొక వర్గమూలాన్ని రెండింతలు చేసి కలిపి, మొత్తానికి వర్గమూలం తీయాలి. ఆ లోపలి వర్గమూలంలో ఒకటికి ఇంకొక వర్గమూలం మూడింతలు కలిసి ఉంటుంది. దాని లోపల ఒకటికి వేరొక వర్గమూలం నాలుగింతలు. ఇలా అంతం లేకుండా సాగుతుంది. దాని విలువ ఎంత? కొన్ని నెలలు గడిచినా ఎవరూ జవాబు పంపలేదు. చివరకు ఆయనే చెప్పారు: మూడు.

ఎలా? మూడు అంటే తొమ్మిదికి వర్గమూలం. తొమ్మిదిని ఒకటి, దానికి తోడు రెండు నాలుగులు అని విడదీయవచ్చు. ఆ నాలుగు పదహారుకు వర్గమూలం. పదహారు అంటే ఒకటి, మూడు ఐదులు. ఆ ఐదు ఇరవై ఐదుకు వర్గమూలం. ఇరవై ఐదు అంటే ఒకటి, నాలుగు ఆరులు. ఇక ఎంత దూరమైనా ఇదే వరుస. ఎనిమిదో తరగతి పిల్లలకు చెప్పినా కళ్ళు మెరుస్తాయి. వెనుక నుండి ముందుకు చూడగలిగిన వానికి మాత్రమే తట్టే మార్గం ఇది. దీనినే స్ఫురణ అంటాము.

కాని గడుసు విద్యార్థి ఒకడు లేచి, ఇదే యుక్తితో జవాబు నాలుగు అని చూపితే? నాలుగు పదహారుకు వర్గమూలం. పదహారు అంటే ఒకటి, రెండు ఏడున్నరలు. ఏడున్నర వర్గం యాభై ఆరుంబావు. అందులో ఒకటి తీసివేసి మిగతా యాభై ఐదుంబావును మూడుతో భాగిస్తే పద్దెనిమిదికి పైచిలుకు. ఇలా ఇదీ అంతం లేకుండా సాగుతుంది. అయితే మూడు సరియా, నాలుగు సరియా? ఇక్కడ స్ఫురణ నోరు మెదపదు. తర్కం వచ్చి, ఈ వరుసను ఎక్కడో ఒకచోట తెంచి లెక్కవేస్తూ, తెంచే చోటును దూరం జరుపుతూ పోతే విలువ దేనికి చేరువవుతుందో చూడమంటుంది. చూస్తే అది మూడుకే చేరుతుంది. మొదటి దారిలో లోపలి సంఖ్యలు నాలుగు, ఐదు, ఆరు అని నెమ్మదిగా పెరుగుతాయి. రెండవ దారిలో నాలుగు, ఏడున్నర, పద్దెనిమిది, ఎనభై నాలుగు అని ఉబ్బిపోతాయి. తేడా అదే. రామానుజన్ తన సమాధానంలో ఈ సంగతి ఎత్తలేదు. ఇటువంటి వరుసలు ఎప్పుడు నిలుస్తాయో చెప్పే నియమాన్ని తరువాతి కాలంలో హార్డీ శిష్యులైన టి. విజయరాఘవన్ నిరూపించారు. రామానుజన్ జవాబు ఒప్పు. ఆయన చూపిన మెట్లు మాత్రం చాలవు. మొదట చెప్పిన తగవులో ఉపాధ్యాయుని పక్షాన ఇంతకంటె మంచి సాక్ష్యం నాకు కనబడలేదు.

1912 మార్చి 1న ఆయన మద్రాసు పోర్టు ట్రస్టులో గుమాస్తాగా చేరారు. అక్కడి ప్రధాన లెక్కల అధికారి ఎస్. నారాయణ అయ్యర్ స్వయంగా గణితజ్ఞుడు. తిరువళ్ళిక్కేణిలోని ఇంట్లో రాత్రిళ్ళు ఇద్దరూ రెండు పలకలు పట్టుకొని కూర్చునేవారు. బలపాల చప్పుడు పొద్దుపోయేదాకా వినిపించేదట. రామానుజన్ రెండు మెట్లలో దాటిపోయిన దానిని పది మెట్లుగా విడదీసి వ్రాయమని నారాయణ అయ్యర్ పట్టుబట్టేవారు. తనకే అర్థం కానిది దూరదేశంలోని వారికి ఎలా అర్థమవుతుందన్నది ఆయన వాదం. రామానుజన్‌కు అది విసుగే. అయినా ఆ పెద్దమనిషి ఓర్పు వృథా పోలేదు. మహానుభావుల చరిత్రలలో ఇటువంటి నారాయణ అయ్యర్లకు రెండు పంక్తులకు మించి చోటు దొరకకపోవడం నాకెప్పుడూ వెలితిగానే తోస్తుంది.

పెద్దల ప్రోత్సాహంతో ఇంగ్లండులోని పండితులకు లేఖలు వెళ్ళాయి. హిల్ అనే ఆచార్యుడు తప్పులెత్తి చూపి, మరికొంత చదువుకోమని సలహా ఇచ్చారు. బేకర్, హాబ్సన్ అనే ఇద్దరు కేంబ్రిడ్జి పండితుల నుండి ఆదరణ లభించలేదు. వారిని నిందించవలసిన పని లేదు. ఊరూ పేరూ తెలియని గుమాస్తా నిరూపణ లేని సూత్రాలు పంపితే పక్కన పెట్టడమే లోకంలో జరిగేది. 1913 జనవరి 16 తేదీ గల లేఖ జి.హెచ్. హార్డీకి చేరింది.

హార్డీ ఆ కాలపు ఇంగ్లండులో నిరూపణకు కట్టుబడిన గణితజ్ఞులలో అగ్రగణ్యుడు. దేవుని నమ్మనివాడు, తర్కమే ఊపిరిగా బ్రతికినవాడు. ఆయన మొదట చిరాకుపడ్డారు. కాని ఆ సూత్రాలు రోజంతా మనసులో మెదిలాయి. సాయంకాలం మిత్రుడు లిటిల్‌వుడ్‌ను పిలిచి ఇద్దరూ చదివారు. కొన్ని అప్పటికే తెలిసినవి. కొన్ని హార్డీ శ్రమపడి నిరూపించగలిగినవి. మరికొన్ని ఆయన ఎన్నడూ కని విని ఎరుగనివి. అవి నిజమై తీరాలని ఆయనకు అనిపించింది, ఎందుకంటే అబద్ధంగా అటువంటివి కల్పించగల ఊహాశక్తి ఎవరికీ ఉండదు. గమనించండి, ఇది నిరూపణ కాదు. తర్కానికి ప్రతినిధి అయిన హార్డీ ఆ రాత్రి నమ్మినది తన లోపలి తీర్పును. కాని అక్కడితో ఆగలేదు. నిరూపణలు పంపమని ఫిబ్రవరిలో జవాబు వ్రాశారు.

ఆ జవాబు చేతికి రాగానే మద్రాసు విశ్వవిద్యాలయం కదిలింది. 1913 మే నుండి నెలకు 75 రూపాయల పరిశోధక వేతనం లభించింది. ఇంగ్లండు ప్రయాణం మాత్రం ఇంకా చిక్కుముడే. సముద్రం దాటడం ఆచారవిరుద్ధం. నారాయణ అయ్యర్‌తో కలిసి నామక్కల్ వెళ్ళి మూడు రాత్రులు ఆలయంలో శయనించారు. తల్లికి కలలో అమ్మవారి అనుమతి లభించిందంటారు. ఆ తరువాత విశ్వవిద్యాలయం సంవత్సరానికి 250 పౌండ్లు మంజూరు చేయడం, ఇంగ్లండు నుండి వచ్చిన నెవిల్ అనే ఆచార్యుడు ఏర్పాట్లు చూడడం జరిగాయి. కల తలుపు తెరిచింది. లెక్కా పత్రం చూసి ప్రయాణం నడిపించింది. 1914 మార్చి 17న మద్రాసులో ఓడ ఎక్కి, ఏప్రిల్ 14న లండన్ చేరారు.

హార్డీ ఎదుట ఒక గడ్డు ప్రశ్న నిలిచింది. వచ్చినవాడు అపారమైన ప్రతిభావంతుడు. కాని నిరూపణ అంటే ఏమిటో ఆయన భావన మసకగా ఉన్నది. ఏ కళాశాల విద్యార్థికైనా తెలిసిన కొన్ని సిద్ధాంతాలు ఆయన విననేలేదు. క్రమపద్ధతిలో మొదటి నుండి నేర్పితే ఆ స్ఫురణ చెదిరిపోవచ్చు. నేర్పకుండా వదిలేస్తే తప్పులలో పడవచ్చు. ఆ తప్పుకు నిదర్శనం అప్పటికే ఉన్నది. ఒక సంఖ్య లోపల ఎన్ని ప్రధాన సంఖ్యలు ఉన్నాయో చెప్పే సూత్రం కనుగొన్నానని రామానుజన్ లేఖలో వ్రాశారు. చిన్న సంఖ్యలకు అది చక్కగా సరిపోతుంది. అయితే ఆయన భావించినంత కచ్చితత్వం దానికి లేదు.

ఈ విషయంలో ఎవరి స్ఫురణ అయినా మోసపోతుంది. ప్రధాన సంఖ్యల లెక్కకు గౌస్ నాటి నుండి వాడుకలో ఉన్న ఒక అంచనా ఉన్నది. లెక్కించి చూసినంత మేరా అది అసలు లెక్క కంటె ఎక్కువే చూపుతూ వచ్చింది. ఎప్పుడూ ఇంతేనని ఎవరైనా అంటారు. ఎప్పుడూ ఇంతే కాదని, ఎక్కడో దూరాన అది తారుమారవుతుందని, అలా అనంతంగా జరుగుతుందని లిటిల్‌వుడ్ 1914లో నిరూపించారు. అది మొదట తారుమారయ్యే చోటు ఏ సంఖ్య వద్దనో నేటి కంప్యూటర్లు కూడా పట్టుకోలేదు. కంటికి కనిపించిన లక్షల ఉదాహరణలు ఒకవైపు, నిరూపణ ఒకవైపు, గెలిచినది నిరూపణ.

హార్డీ ఎంచుకున్న మార్గం నడిమి మార్గం. తప్పనిసరి అయినవి నేర్పారు. మిగిలినవి వదిలేశారు. రామానుజన్‌ను తన వంటి గణితజ్ఞునిగా మలచే ప్రయత్నం చేయలేదు. ఆయన నుండి తాను నేర్చుకున్నదే ఎక్కువ అని తరువాత ఒప్పుకున్నారు. బడిలో నలభై మంది పిల్లల తరగతికి ఈ పద్ధతి కుదరదని మనం అనవచ్చు. నిజమే. హార్డీకి ఉన్నది ఒక్క శిష్యుడు. కాని నలభై మందిలో ఏ ఒక్కరికి దారి వదలాలో గుర్తించే పని మాత్రం ఉపాధ్యాయునిదే.

ఆ సాంగత్యం ఫలించిన చోటు సంఖ్యల విభజనలు. నాలుగును ఎన్ని విధాలుగా కూడికగా వ్రాయవచ్చు? నాలుగు, మూడూ ఒకటి, రెండూ రెండూ, రెండూ ఒకటీ ఒకటి, నాలుగు ఒకట్లు. మొత్తం 5 విధాలు. పదికి 42. నూరుకు 19,05,69,292. రెండువందలకు? మేజర్ మాక్‌మహన్ అనే గణనపరుడు చేతితో లెక్కించి 39,72,99,90,29,388 అని తేల్చారు. దాదాపు నాలుగు లక్షల కోట్లు! ఇంత లెక్క చేయకుండా ఏ సంఖ్యకైనా జవాబిచ్చే సూత్రం ఉన్నదా? ఉన్నదని, అది ఉజ్జాయింపు కాక జవాబును ముట్టుకునేంత దగ్గరగా ఉంటుందని రామానుజన్ పట్టుబట్టారు. అంత కచ్చితత్వం సాధ్యమని హార్డీకి నమ్మకం లేదు. కాని దానిని సాధించే యంత్రాంగం హార్డీ వద్దనే ఉన్నది. 1918లో ఇద్దరి పేర్లతో ప్రచురితమైన ఆ సూత్రంలో ఎనిమిది పదాలు తీసుకుని రెండువందలకు లెక్కవేస్తే, మాక్‌మహన్ జవాబుకు వచ్చిన తేడా ఒకటిలో వెయ్యింట నాలుగు వంతులు మాత్రమే. ఆ ఇద్దరిలో ఏ ఒక్కరూ ఒంటరిగా అక్కడికి చేరి ఉండేవారు కారని లిటిల్‌వుడ్ అభిప్రాయం. ఆ సూత్రాన్ని సంపూర్ణంగా కచ్చితమైనదిగా మార్చినవారు రాడెమాకర్, 1937లో.

మాక్‌మహన్ పట్టికలోనే రామానుజన్ మరొకటి చూశారు. 4, 9, 14, 19 సంఖ్యల విభజనలు వరుసగా 5, 30, 135, 490. అన్నీ ఐదుతో భాగింపబడేవే. పట్టిక అందరి ఎదుటా ఉన్నది, ఆయనకు కనిపించింది. ఈసారి ఆయన అక్కడితో ఊరుకోలేదు. ఎల్లప్పుడూ ఇలాగే జరుగుతుందని తానే నిరూపించారు. కార్ పుస్తకం చదివిన బాలుడు ఎంత దూరం వచ్చాడో ఇక్కడ తెలుస్తుంది.

తరువాతి కాలంలో గణాంక శాస్త్రవేత్తగా ప్రసిద్ధులైన పి.సి. మహలనోబిస్ అప్పుడు కేంబ్రిడ్జిలో విద్యార్థి. ఆయన చెప్పిన రెండు ముచ్చట్లు నాకు ప్రీతిపాత్రమైనవి. ఒకనాడు రామానుజన్ పొయ్యి మీద కూర కలుపుతుండగా మహలనోబిస్ ఒక పత్రికలోని చిక్కు లెక్క చదివి వినిపించారు. వీధిలో ఇళ్ళకు ఒకటి నుండి వరుసగా సంఖ్యలు ఉన్నాయి. ఒక ఇంటికి ఒకవైపు ఉన్న ఇళ్ళ సంఖ్యల మొత్తం, రెండవవైపు మొత్తంతో సమానం. ఇళ్ళు యాభైకి పైన, అయిదువందల లోపు. ఆ ఇల్లు ఏది? మహలనోబిస్ తంటాలు పడి చేసుకున్నారు: 288 ఇళ్ళ వీధిలో 204వ ఇల్లు. రామానుజన్ గరిటె తిప్పుతూనే ఒక గొలుసు భిన్నం చెప్పారు. అందులో ఇటువంటి వీధులన్నిటికీ జవాబులున్నాయి: ఎనిమిది ఇళ్ళలో ఆరవది, 49 ఇళ్ళలో 35వది, ఇంకా ఎన్నో. లెక్క వినగానే జవాబు గొలుసు భిన్నమని తెలిసిందట. ఏ భిన్నమని అడుగగానే అది తోచిందట.

రెండవ ముచ్చట. ఆ చలిదేశంలో రామానుజన్ రాత్రిళ్ళు వణికిపోతున్నానన్నారు. మహలనోబిస్ పడకగదిలోకి వెళ్ళి చూస్తే కంబళ్ళన్నీ మంచానికి బిగించి పరచి ఉన్నాయి. వాటి నడుమ దూరి పడుకోవాలని రామానుజన్‌కు తెలియదు. పైన శాలువా కప్పుకుని పడుకుంటున్నారు. నవ్వుకోవడానికి కాదు చెబుతున్నది. అంత గొప్ప మేధ అయినా, తాను పెరిగిన లోకంలో లేని వస్తువును ఎవరో ఒకరు చూపించవలసిందే.

నిత్యజీవితంలో ఆయనకు తూకం నిలువలేదన్నది నిజం. ఒకసారి ఇంటికి భోజనానికి పిలిచిన అతిథులు మరొక విడత వడ్డన వద్దన్నారని నొచ్చుకుని, చెప్పకుండా వెళ్ళిపోయి, కొన్ని రోజులకు ఆక్స్‌ఫర్డ్‌లో తేలారు. నిద్రకు వేళ లేదు, భోజనానికి వేళ లేదు. శాకాహార నియమం విడువలేదు. యుద్ధకాలంలో కూరగాయలు, పాలు కరవు. ఇంటి నుండి భార్య ఉత్తరాలు రావు. ఆమె వ్రాసినవి, ఆయన వ్రాసినవి తల్లి చేతిలోనే ఆగిపోయేవని ఆయనకు తెలియదు. అత్తాకోడళ్ళ నడుమ మూగబోయిన ఇల్లు ఆరువేల మైళ్ళ దూరం నుండి ఆయనను కుంగదీసింది. 1917లో జబ్బుపడ్డారు. ఒక ఆరోగ్యశాల నుండి మరొక ఆరోగ్యశాలకు మార్చారు. వైద్యులు ఎక్కువగా క్షయ అని భావించారు. 1994లో డి.ఎ.బి. యంగ్ అనే పరిశోధకుడు పాత వివరాలన్నీ పరిశీలించి, అది కాలేయానికి సోకిన అమీబిక్ వ్యాధి అయి ఉండవచ్చునని, మద్రాసులో ఉన్నప్పుడే వచ్చిన రక్తవిరేచనాలకు అది కొనసాగింపని అభిప్రాయపడ్డారు. అదే నిజమైతే ఆ కాలంలోనే దానికి చికిత్స ఉన్నది.

పట్నీలో ఆస్పత్రిలో ఉండగా హార్డీ చూడవచ్చి, తాను ఎక్కిన టాక్సీ సంఖ్య 1729 చప్పగా ఉన్నదనగానే, రెండు ఘనాల మొత్తంగా రెండు విధాలుగా వ్రాయగల సంఖ్యలలో అది అతి చిన్నదని రామానుజన్ చెప్పిన ఉదంతం పిల్లలందరికీ తెలుసు. ఒకటి, పన్నెండుల ఘనాలు. తొమ్మిది, పదుల ఘనాలు. అందరికీ తెలియనిది, ఆ సంగతి అంతకు ఎన్నో ఏళ్ళ ముందే ఆయన నోటుపుస్తకంలో ఉన్నదని. ఆ పడక మీద మెరిసినది పాత శ్రమయే.

1918లో రాయల్ సొసైటీ సభ్యత్వం, ట్రినిటీ కళాశాల ఫెలోషిప్ లభించాయి. ఆ ఫెలోషిప్ పొందిన మొదటి భారతీయుడాయన. మద్రాసు విశ్వవిద్యాలయం ఏటా 250 పౌండ్ల వేతనం ప్రకటించగా, 1919 జనవరిలో ఆయన వ్రాసిన జవాబు మన వంటి పాఠశాలల వారు గుర్తుంచుకోదగినది. తల్లిదండ్రులకు 50 పౌండ్లు ఇచ్చి, తన అవసరాలకు పోగా మిగిలినది పేద పిల్లల, అనాథల చదువుకు వినియోగించమని కోరారు.

1919 మార్చిలో బొంబాయిలో దిగారు. తల్లి వచ్చింది, జానకి కనిపించలేదు. తరువాత ఆమె వచ్చి చేరింది. చివరి ఏడాది ఆయనకు సేవ చేసినది ఆ ఇరవై ఏళ్ళ ఇల్లాలే. మంచం మీద ఉండి కూడా ఆయన లెక్కలు మానలేదు. 1920 జనవరిలో హార్డీకి వ్రాసిన ఆఖరి లేఖలో మాక్ థీటా ఫలనాలు అనే కొత్త జాతి ఫలనాలను పరిచయం చేశారు. వాటి స్వభావాన్ని పూర్తిగా విప్పి చెప్పడానికి 2002లో జ్వేగర్స్ అనే యువ పరిశోధకుడు రావలసి వచ్చింది. 1920 ఏప్రిల్ 26న మద్రాసు చేట్‌పట్‌లో రామానుజన్ కన్నుమూశారు. వయసు 32 సంవత్సరాలు.

జానకి అమ్మాళ్ తిరువళ్ళిక్కేణిలో కుట్టుపని చేసుకుంటూ జీవించి, 1994లో మరణించారు. ఆ చివరి ఏడాది కాగితాలు మద్రాసు విశ్వవిద్యాలయం నుండి హార్డీకి, తరువాత చేతులు మారి ట్రినిటీ కళాశాల గ్రంథాలయానికి చేరి మరుగునపడ్డాయి. 1976లో జార్జ్ ఆండ్రూస్ అనే అమెరికన్ గణితజ్ఞుడు వాటిని గుర్తించారు. నూరుకు పైగా పుటలు, ఆరువందలకు పైగా సూత్రాలు. ఇప్పుడు కాగితానికి కరవు లేదు, కాని వ్యవధి లేదు. వాటిలోనూ మెట్లు లేవు. ఆండ్రూస్, బ్రూస్ బెర్న్‌డ్ట్ కలిసి ఒక్కొక్క సూత్రానికీ నిరూపణ సమకూర్చి, 2005 నుండి 2018 వరకు ఐదు సంపుటాలుగా ప్రచురించారు.